కాగితం కింద చెయ్యి

నాకు భయమంటే ఏమిటో తెలియదు. గొప్ప కోసం చెబుతున్న మాట కాదిది, పుట్టుకతో వచ్చిన లోపం. కొందరికి రంగులు తెలియవు, కొందరికి వాసనలు తెలియవు, నాకు భయం తెలియదు. చిన్నప్పుడు డాక్టరు సూది పట్టుకుని నా దగ్గరికొస్తే ఆ సూదే వణికిందని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అంటే, నేను చెబుతాను, మిగతావాళ్ళు లేచి వెళ్ళిపోతారు.

టైలరు మాస్టారి వంటగది తలుపు తీసిన మూడో క్షణానికి నేను పిన్ని వీపు మీద ఉన్నాను.

"దిగు."

"లోపల ఎవరో ఉన్నారు పిన్నీ."

"ముందు దిగవే. నా నడుం పడిపోయేట్టుంది."

"తెల్లగా ఉన్నారు. తల లేదు. ఊగుతున్నారు."

"అది ఏప్రను. మేకుకి వేలాడుతోంది. నువ్వు తలుపు తోసిన గాలికి ఊగుతోంది. దానికి తలెందుకుంటుందే?"

దిగాను. ఏప్రను ఇంకో రెండుసార్లు ఊగి ఆగింది. నడుం దగ్గర కట్టిన ముడి ఇంకా అలాగే ఉంది. ఎవరో ముడి విప్పకుండానే అందులోంచి జారి వెళ్ళిపోయినట్టు.

మా పిన్ని పని వంటగదులు కడగడం. ఇంటివాళ్ళు చేతులెత్తేసిన వంటగదులు మాత్రమే. నాకు పందొమ్మిదేళ్ళు, చదువు మధ్యలో ఆగింది, అందుకని బకెట్లు మోసే ఉద్యోగం నాకిచ్చింది. పిన్ని బజారులో అమ్మే రంగురంగుల సీసాల జోలికి పోదు. ఆవిడ బకెట్లో ఎప్పుడూ అవే ఉంటాయి: వంటసోడా, వెనిగర్, నిమ్మకాయలు, ఉప్పు, అంట్లు తోమే సబ్బు, ఒక చిన్న సీసాలో వంటనూనె. వీటితో పిన్ని ఒకసారి పక్కింటి నల్లపిల్లిని కూడా తోమింది. అది ఇప్పుడు తెల్లపిల్లి, వేరే పేరుతో బతుకుతోంది.

ఈ పనికి మమ్మల్ని పిలిచింది టైలరు మాస్టారి కూతురు. రెండు వీధుల అవతల ఉంటుంది. వాళ్ళమ్మ పోయి ఎనిమిది నెలలైంది. నాలుగు రోజుల జ్వరం, అంతే. ఆ రోజునుంచి ఆయన వంటగదికి తాళం వేసి, వీధివైపు గదిలో మిషను పక్కనే ఉంటున్నారు. పొద్దున రొట్టె, రాత్రి రొట్టె. కూతురు పంపిన గిన్నెలు పంపినట్టే తిరిగి వెళ్తాయి. బతిమాలి బతిమాలి చివరికి తాళం తీయడానికి ఒప్పించింది, అది కూడా ఒక షరతు మీద.

ఆ షరతు ఏమిటో ఆయనే వచ్చి చూపించారు. పొడుగ్గా, సన్నగా ఉంటారు. మెడలో టేపు. గుమ్మం దాటి లోపలికి మాత్రం రాలేదు, అక్కడినుంచే వేలు చూపించారు.

"అదుగో. పొయ్యి పక్కన గోడ మీద. కనబడుతోందామ్మా?"

నడుమెత్తున, గోడ మీద ఒక చెయ్యి ఉంది. కుడి చెయ్యి, ఐదు వేళ్ళూ విప్పి నొక్కిన గుర్తు. గోడంతా పొగ పట్టి గోధుమరంగులో ఉంటే ఆ చెయ్యి ఇంకా ముదురుగా, తడిగా మెరుస్తోంది.

"మా ఆవిడది," అన్నారు మాస్టారు. "ఆ చిన్న పీట మీద కూర్చుని కూరలు తరిగేది. మోకాలు బాగుండేది కాదు. లేచేటప్పుడు గోడ పట్టుకుని లేచేది. నూనె చేత్తోనే. ఇరవయ్యారేళ్ళు, అదే చోట."

పిన్ని ఏమీ అనలేదు. నేను కూడా ఏమీ అనలేదు, అంత అరుదైన సంగతి కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

"మిగతాదంతా మీ ఇష్టం. ఎలా తోముకుంటారో తోముకోండి. ఆ చెయ్యి ఉంటే నేను మళ్ళీ ఈ గదిలోకొస్తాను. పోయిందంటే తాళమే. మా అమ్మాయి ఏడ్చినా తియ్యను."

"మీరు నిశ్చింతగా కుట్టుకోండి మాస్టారూ," అంది పిన్ని. "దాని మీద ఈగ కూడా వాలదు."

ఆయన వెళ్ళారు. కాసేపటికి గోడ అవతల మిషను మొదలైంది. టకటకటకటక, ఆగి, మళ్ళీ టకటకటక.

పిన్నికి ఒక పద్ధతి ఉంది. ముట్టుకోకూడని దాని మీద తెల్ల కాగితం అంటిస్తుంది. నాలుగు మూలలా టేపు. ఇక ఆ తర్వాత ఆలోచన ఉండదు: కాగితం లేని చోటు తోముతుంది, ఉన్న చోటు వదిలేస్తుంది. దానికో కారణముంది. వేడినీళ్ళ ఆవిరికి ఆవిడ కళ్ళద్దాలు మసకేస్తాయి, తీసి జేబులో పెట్టేసుకుంటుంది. అవి లేకపోతే పిన్నికి ఎదురుగా ఉన్నది ఇడ్లీపళ్ళెమో నా మొహమో కూడా తెలియదు. తెల్ల కాగితం ఒక్కటే తెలుస్తుంది. పదహారేళ్ళుగా ఆ కాగితం ఆవిణ్ణి ఒక్కసారి కూడా మోసం చెయ్యలేదు.

చెయ్యి మీద కాగితం అంటించి, నాలుగు మూలలూ బొటనవేలితో నొక్కి, కళ్ళద్దాలు తీసి, "పట్టు," అంది.

పట్టాం.

ఆ వంటగదిలో జిడ్డు గురించి చెబితే నమ్మరు. చిమ్నీ జాలీ విప్పితే అందులోంచి దిగిన జిడ్డుతో ఊళ్ళో తలుపులన్నీ ముప్ఫైయేళ్ళు కిర్రుమనకుండా తిరుగుతాయి. ఎనిమిది నెలల దుమ్ము దానిమీద పడి బొచ్చులా లేచింది. నిమురుతుంటే ఏదో నిద్రపోతున్న జంతువుని నిమిరినట్టుంది. కిటికీ అద్దం మీద జిడ్డు ఎంత మందమంటే, బయట మిట్టమధ్యాహ్నం, లోపల వెలుతురు తేనెలా జారి నేల మీద పడుతోంది.

ఎండిపోయిన జిడ్డు మీద పిన్ని ముందు నూనె రాస్తుంది. జిడ్డుకి నూనె రాస్తారా అని మొదటిరోజు నేను నవ్వాను. పాత జిడ్డు బంకలా బిగుసుకుపోయి ఉంటుందని, కొత్త నూనె తగిలితే మెత్తబడి పట్టు వదులుతుందని అప్పుడు తెలిసింది. అలా వదిలిన దాన్ని ప్లాస్టిక్ చెక్కతో గీకి డబ్బాలోకి ఎత్తాలి. తర్వాత సోడా, సబ్బు, గోరువెచ్చటి నీళ్ళు కలిపిన ముద్దని గోడకి కిందనుంచి పైకి రాసుకుంటూ పోవాలి. పైనుంచి రాస్తే కిందకి కారిన చారలు ఈ జన్మకి పోవు. పావుగంట ఆగాక వెనిగర్ చల్లాలి. గోడ బుసబుసమని పొంగుతుంది.

"రెండూ ఒకే సీసాలో కలిపేస్తే పని తగ్గుతుంది కదా పిన్నీ," అన్నాను.

"సీసాలో కలిపితే సీసాలోనే కొట్టుకుని చస్తాయి. గోడ దగ్గరికొచ్చేసరికి ఉత్త నీళ్ళు. కొట్లాట గోడ మీద జరగాలి."

"మరి నువ్వూ బాబాయీ..."

"నోరు మూసుకుని జాలీ గీకు. దానికి సోడా తగలనివ్వకు, అల్యూమినియం, నల్లబడి చస్తుంది."

గోడ పొంగి, నురగ కిందకి జారుతుంటే, దానివెంట గోధుమరంగు చారలు దిగేవి. చూస్తుంటే గోడకి చెమట పట్టినట్టుంది. గది ఎవరినో చూసి భయపడుతున్నట్టుంది. మిషను ఆగినప్పుడల్లా ఆ బుసబుస తప్ప ఇంకేం వినబడేది కాదు. అప్పుడు ఏప్రను వంక చూడబుద్ధయ్యేది, చూడాలంటే బుద్ధయ్యేది కాదు.

ఇలాంటి చోట మామూలు మనిషి ఏం చేస్తాడు? పని తొందరగా ముగించుకుని పోతాడు. నేను కాగితం జరిపాను.

నా ఆలోచన సుళువైంది. పిన్ని సింకు కింద అలమరలో తల దూర్చినప్పుడు కాగితాన్ని ఊడదీసి, జానెడు పైకి, జానెడు తలుపువైపు అంటించాను. పిన్ని తల బయటికి తీసి కాగితం వంక చూసింది. ఏమీ అనలేదు. సరే, ఇంకోసారి తల దూర్చినప్పుడు ఇంకాస్త జరిపాను. మూడోసారికి కాగితం నా భుజమెత్తుకి వచ్చి, అసలు చోటుకి రెండడుగుల ఇవతలికి చేరింది. పిన్ని ఎప్పుడో ఒకప్పుడు గమనిస్తుంది, కెవ్వుమంటుంది, 'కాగితం నడుస్తోందే' అంటుంది, నేను మొహం చెక్కలా పెట్టి 'ఏ కాగితం పిన్నీ?' అంటాను. భయపెట్టడంలో అసలు కిటుకు మనం ఏమీ అనకపోవడమే. అందుకే ఏమీ అనలేదు.

"వేడినీళ్ళు అయిపోయాయి. పెరట్లో గీజరు కుళాయి దగ్గర రెండు బకెట్లు పట్రా. నిమ్మచెక్కలు కూడా కడిగి పట్రా," అంది పిన్ని.

వెళ్ళాను. కుళాయి దారంలా వస్తోంది. ఒక బకెట్ నిండటానికి నాకు పెళ్ళై పిల్లలు పుట్టేంత టైము పట్టింది. మిషను మోత వింటూ, పిన్ని కెవ్వుమనే కేక కోసం చెవులు రిక్కించి నిలబడ్డాను.

కేక రాలేదు.

బకెట్లతో గుమ్మంలోకి వచ్చి ఆగిపోయాను.

పొయ్యి పక్క గోడ శుభ్రంగా ఉంది. కిందనుంచి పైదాకా లేత పసుపు రంగు బయటపడింది, ఇన్నేళ్ళలో ఆ రంగు ఉందని ఎవరికీ గుర్తుండదు. పిన్ని పీట మీద నిలబడి, నాలుక బయటపెట్టి, కాగితం అంచుల చుట్టూ గుడ్డ మొనతో ఎంతో జాగ్రత్తగా తుడుస్తోంది. పసిపిల్ల కళ్ళ చుట్టూ తుడిచినట్టు తుడుస్తోంది.

"చూశావా," అంది నా వైపు తిరగకుండానే. "కాగితానికి చెమ్మ కూడా తగలనివ్వలేదు. ఆయన పోగొట్టుకున్నది మళ్ళీ పోకూడదు పాపం."

కింద, నడుమెత్తున, చెయ్యి ఉండాల్సిన చోట ఏమీ లేదు. తడి గోడ.

నా నోరు తెరుచుకుంది. చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. 'పిన్నీ, చెయ్యి నువ్వు తుడిచేశావు, నా వల్ల.' అంతే, ఆరు మాటలు. కానీ పిన్ని మొహం చూశాను. ఆ మొహం మీద ఆరు మాటలూ వెయ్యడానికి చోటు దొరకలేదు.

"నీళ్ళు అక్కడ పెట్టు. ఈ గుడ్డలు ఉతుక్కొస్తా," అని మురికి బకెట్ ఎత్తుకుని పెరట్లోకి వెళ్ళింది.

కాగితం ఎత్తి చూశాను. కింద పుస్తకమంత మేర పాత జిడ్డు ఎప్పట్లాగే ఉంది, గోధుమరంగులో, చెయ్యి లేకుండా. అసలు చోట మళ్ళీ చెయ్యి వేద్దామంటే గోడ సోడా నీళ్ళతో తడిసి ఉంది, జిడ్డు నిలవదు, జారిపోతుంది. కాళ్ళూ చేతులూ ఆడలేదు. అందులో చేతులు ముందుగా తేరుకున్నాయి. డబ్బాలో గీకి పెట్టిన జిడ్డులో నా కుడి అరచెయ్యి ముంచాను. చల్లగా, బరువుగా అంటుకుంది. కాగితం కింద ఆ గోధుమరంగు చదరం మీద ఐదు వేళ్ళూ విప్పి నొక్కాను.

గోడ తిరిగి నొక్కింది.

నొక్కలేదులెండి. కానీ నొక్కినట్టుంది. చెయ్యి తీయబోతే జిడ్డు పట్టుకుని కాసేపు వదల్లేదు, చప్పుడు చేసుకుంటూ ఒక్కో వేలే వదిలింది. కాగితం మళ్ళీ కప్పేశాను. సింకు దగ్గర నిమ్మచెక్క ఉప్పులో అద్ది, అరచెయ్యి చర్మం ఊడేలా రుద్దాను. సోడా వేసి ఇంకోసారి రుద్దాను.

అప్పుడు తట్టింది, చాలాసేపటినుంచి మిషను మోత వినబడటం లేదని.

తిరిగి చూస్తే మాస్టారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలియదు. ఆయన నన్ను చూడటం లేదు. శుభ్రపడిన గోడని చూస్తున్నారు.

పిన్ని పిండిన గుడ్డలతో ఆయన వెనకే వచ్చింది. "రండి మాస్టారూ. అయిపోయినట్టే. మీ చెయ్యి, అదే, ఆవిడ చెయ్యి భద్రంగా ఉంది. కాగితం మీరే తియ్యండి."

ఆయన గుమ్మం దాటారు. ఎనిమిది నెలల తర్వాత మొదటి అడుగు. పొయ్యి దగ్గరికెళ్ళి, వంగి, నడుమెత్తున గోడని వెతికారు. లేదు. మెల్లగా తల తిప్పి, రెండడుగుల ఇవతల, భుజమెత్తున ఉన్న కాగితాన్ని చూశారు. దగ్గరికొచ్చి ఒక మూల పట్టుకుని లాగారు.

నల్లటి చెయ్యి.

గదిలో కుళాయి బొట్టు పడటం వినబడింది. ఇంకో బొట్టు పడింది.

"ఇక్కడుందేంటి?" అన్నారు.

పిన్ని కళ్ళద్దాలు తీసి పెట్టుకుంది. చూసింది. "నేను... నేను కాగితం అంటించింది..." అని పొయ్యి పక్కకి చెయ్యి చూపించి ఆగిపోయింది. "ఆ కాగితం ఒక్కసారి కూడా తియ్యలేదు మాస్టారూ. మా అమ్మాయి మీదొట్టు."

నా మీద ఒట్టు.

మాస్టారు ఆ గుర్తు మీద వేలు పెట్టారు. తీసి చూసుకున్నారు. వేలి కొస నల్లగా మెరుస్తోంది.

"తడిగా ఉంది," అన్నారు. "ఇప్పుడే పెట్టినట్టుంది."

ఎవరం కదల్లేదు. మేకుకున్న ఏప్రను కూడా కదల్లేదు, అది కదిలి ఉంటే నేను కిటికీలోంచి దూకేదాన్ని.

ఆయన పీట ఉన్న చోటునుంచి గోడ వెంట చూపు కదిపారు. పొయ్యి, అక్కణ్ణుంచి ఈ చెయ్యి, ఈ చేతినుంచి తలుపు. మెడలో టేపు తీసి ఆ దూరం కొలిచారు కూడా. కొలిచి, నెలల తరబడి తోటకి నీళ్ళు పోసినవాడు మొగ్గని చూసినట్టు చూశారు.

"లేచింది," అన్నారు. "మోకాలి నొప్పి తగ్గిందేమో. లేచి నిలబడి, గోడ పట్టుకుని రెండడుగులు వేసింది. తలుపు వైపే వస్తోంది."

"మాస్టారూ," అంది పిన్ని.

"ఇన్నాళ్ళూ నేనే తాళం వేసి ఉంచాను. బయటికెలా వస్తుంది? నా బుద్ధి గడ్డి తిన్నది." ఆయన నవ్వారు. ఏడుస్తున్న మనిషిని ఎలాగో ఓదార్చొచ్చు, అలా నవ్వే మనిషిని ఏం చేస్తాం? జేబులోంచి ఫోను తీశారు. "అమ్మలూ, నేనే. పని ఆపేసి ఒకసారి రా. ఏం కాలేదు. అమ్మ లేచి నడుస్తోందే. ఆఁ. నువ్వు రా, నీకే తెలుస్తుంది. గోడ మీద ఇంకా తడి ఆరలేదు."

ఫోనులో అవతల గొంతు ఏదో గట్టిగా అడుగుతోంది. ఆయన పెట్టేశారు.

పిన్నికి ఏం చెయ్యాలో తెలియనప్పుడు పనిలో తర్వాతి మెట్టు ఏదో అది చేస్తుంది. ఆఖరి మెట్టు ఆవిరి. పెద్ద గిన్నెలో నీళ్ళు, వెనిగర్, పిండేసిన నిమ్మచెక్కలు వేసి మరగబెట్టి, కిటికీ తలుపూ మూసేస్తే గోడల్లో మిగిలిన జిడ్డూ వాసనా బయటికొస్తాయి. అప్పుడు పొడిగుడ్డతో ఒత్తాలి. పిన్ని పొయ్యి వెలిగించింది. ఎనిమిది నెలలుగా వెలగని పొయ్యి దగ్గినట్టు చప్పుడు చేసి అంటుకుంది. కిటికీ వేసింది. తలుపు వేసింది.

"మీరు బయట కూర్చోండి మాస్టారూ, ఉక్కగా ఉంటుంది."

"ఉంటాను," అన్నారాయన. పీట లాక్కుని, నా చెయ్యి ఎదురుగా కూర్చున్నారు. అది నా చెయ్యి అని ఆయనకి తెలియదు. అదే కదా అసలు బాధ.

నీళ్ళు మరిగాయి. ఆవిరి ముందు పైకప్పుకి చేరి, అక్కణ్ణుంచి మెల్లగా దిగింది. మొదట బల్బు మసకబారింది, తర్వాత అలమరలు, తర్వాత పిన్ని. నిమ్మ వాసన, వెనిగర్ ఘాటు, దానికింద ఎప్పటిదో వేపుడు వాసన. ఆ గదిలో ఎవరూ వండలేదు, అయినా ఆ వాసన వచ్చింది. గోడలు తడిసి రంగు మారసాగాయి. లేత పసుపు ముదిరి తేనెరంగుకి దిగింది.

పొయ్యి పక్కన, నడుమెత్తున, ఒక చోట మాత్రం గోడ తడవలేదు.

ముందు ఒక వేలు. చిటికెన వేలు అనుకుంటా. తర్వాత రెండు, మూడు. చుట్టూ గోడ ముదురుతున్నకొద్దీ అది పాలిపోతూ వచ్చింది. అరచెయ్యి. మణికట్టు మొదలు. నీటి బొట్లు పైనుంచి జారుతూ వచ్చి, ఆ చెయ్యి అంచు దగ్గర ఆగి, పక్కనుంచి తప్పుకుని దిగుతున్నాయి. లోపలినుంచి ఎవరో గోడని నొక్కి పట్టుకున్నట్టుంది.

నేను అరవలేదు. అరవడానికి గాలి కావాలి. నా దగ్గర లేదు.

పిన్ని కళ్ళద్దాలు తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది. "అమ్మో," అంది చిన్నగా. "గోడలో ఇంకిపోయి ఉంది. పై జిడ్డే పోయింది, లోపలి నూనె పోలేదు. నీళ్ళని పట్టనివ్వడం లేదు." ఆ మాట ఆవిడ తనకి తనే చెప్పుకుంటోంది, ధైర్యానికి.

మాస్టారు లేచి నిలబడలేదు, పీట మీదనుంచి నేల మీదకి జారి అలాగే పాకుతూ వెళ్ళారు. ఆ తెల్లటి చేతి మీద తన చెయ్యి పెట్టకుండా, వెంట్రుకవాసి దూరంలో ఆపి చూశారు.

"ఇదే," అన్నారు. "ఈ వేలు చూడమ్మా, కొస పక్కకి వంగుంది. పెళ్ళైన కొత్తలో నా మిషను సూది దిగింది. ఇది దానిదే." తల పైకెత్తి భుజమెత్తున ఉన్న నల్లచెయ్యిని చూశారు. "మరి అదెవరిది?"

ఆవిరిలో ఆ ప్రశ్న కరగలేదు. అందరి తలల మీదా వేలాడింది.

అక్కడ నేను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. ఒంట్లో ఉన్న పురుగు ఊరుకోదు. "ఆవిడకి తోడు ఇంకెవరైనా వచ్చారేమోనండీ," అన్నాను.

పిన్ని నా వైపు తిరిగింది. నా మొహం చూడలేదు. చేతులు చూసింది.

మా పనిలో మధ్యాహ్నానికి ఇద్దరి చేతులూ మోచేతుల దాకా నల్లగా ఉంటాయి. గోళ్ళ కింద, గీతల్లో, ప్రతి మడతలో జిడ్డు. పిన్ని చేతులు అలాగే ఉన్నాయి. నా ఎడమ చెయ్యి అలాగే ఉంది.

"కుడి చెయ్యి ఇటు పెట్టు," అంది.

"ఎందుకు పిన్నీ?"

"పెట్టవే."

పెట్టాను. ఎర్రగా, తళతళలాడుతూ ఉంది. గోళ్ళు కూడా మెరుస్తున్నాయి. పుట్టినప్పటినుంచి అంత శుభ్రంగా ఎప్పుడూ లేదు. పిన్ని దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"నిమ్మకాయ," అంది. "ఒక్క చెయ్యే ఎందుకు కడుక్కున్నావ్?"

చాలా అబద్ధాలు వరసలో నిలబడ్డాయి. నాలుగైదు బాగానే ఉన్నాయి కూడా. కానీ మాస్టారు నేల మీద కూర్చుని నా వంకే చూస్తున్నారు. ఆయన మొహంలో కోపం లేదు. కోపముంటే ఏదో ఒకటి కల్పించి ఉండేదాన్ని.

"కాగితం నేనే జరిపాను," అన్నాను. "మూడుసార్లు. పిన్ని భయపడితే చూద్దామని. పిన్నికి ఆవిర్లో కళ్ళు కనబడవు, కాగితం ఎక్కడుంటే అదే అసలు చోటనుకుని మీ ఆవిడ చెయ్యి తుడిచేసింది. పిన్ని తప్పు అణువంత కూడా లేదండీ. చెయ్యి పోయిందని నాకు తెలిసి కూడా చెప్పలేదు. డబ్బాలో జిడ్డు పూసుకుని కాగితం కింద నొక్కాను. ఆవిడ లేవలేదండీ. నడవలేదు. అది నేను."

పిన్ని నా చెయ్యి వదిలేసింది. కొట్టి ఉంటే బాగుండేది.

గిన్నెలో నీళ్ళు తగ్గి చప్పుడు మారింది. ఆవిరి పలచబడుతుంటే గోడ అంచులనుంచి ఆరుతూ వచ్చింది. తెల్లచెయ్యి అంచులు చెదిరిపోసాగాయి.

"పోతోంది," అన్నారు మాస్టారు.

"పోదు మాస్టారూ," అంది పిన్ని. "కనబడదంతే. గోడ ఉన్నన్నాళ్ళూ ఉంటుంది. ఇక్కడ ఎసరు మరిగినప్పుడల్లా కనిపిస్తుంది."

ఆయన గిన్నె వంక చూశారు. లేచి, మోకాళ్ళు దులుపుకుని, కుళాయి కింద చెంబు పట్టి, నిండాక గిన్నెలో పోశారు. మంట పెంచారు. ఆ వంటగదిలో ఆయన చేసిన మొదటి పని అదే అనుకుంటాను, చెంబు ఏ చేత్తో పట్టాలో కూడా తెలియలేదు.

వీధి తలుపు తోసిన చప్పుడు. పరిగెత్తుకొస్తున్న అడుగులు, చెప్పులు కూడా విప్పలేదు. "నాన్నా! నాన్నా, ఎక్కడున్నావ్? అమ్మ ఏంటి? ఏంటి నువ్వన్నది?"

మాస్టారు నా వైపు చూశారు.

"నాకు చెప్పింది చాలదమ్మాయ్," అన్నారు. "దానికి కూడా నువ్వే చెప్పు. అమ్మ లేచిందని వస్తోంది."

పిన్ని పక్కకి జరిగి నాకు దారి ఇచ్చింది. తలుపు తెరుచుకుంది. గుమ్మంలో ఆమె ఆయాసపడుతూ, ఏడుస్తూ, నవ్వుతూ, అమ్మ చెయ్యి ఎక్కడుందా అని గోడలన్నీ వెతుకుతోంది.

"అక్కా," అన్నాను. "ఆ పైనున్న చెయ్యి నాది."